చమురు నౌక ఓండినా, రక్షక నౌక బెంగాల్

సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, ఏ తీరానికీ దగ్గర కాని బెంగళూరు నగరానికి ఓడల చరిత్రతో ఏమి సంబంధమని ఎవరికైనా తోచవచ్చు. అయితే రెండవ ప్రపంచ సంగ్రామకాలంలో ఈ నగరంలో నివసించిన పెద్దలు చెప్పిన ముచ్చట్లలో బొగ్గు బస్సు తప్పక వచ్చేది. బస్సు వెనుక ఒక పెద్ద పొయ్యి వంటి పీపా అమర్చి, అందులో బొగ్గు రాజేసి, దాని నుండి వచ్చే వాయువుతో ఇంజను నడిపేవారు. మిట్ట ఎక్కలేక అది నిలిచిపోతే ప్రయాణికులు దిగి తోయవలసి వచ్చేది. పెట్రోలుకు రేషను ఉండేది. ఆ పెట్రోలు ఎందుకు కరవైనదో తెలిసికోవాలంటే చూపు సముద్రం మీదికే పోవాలి.

తెలుగువారికి రంగూను ‘రంగం’గా సుపరిచితం. ఉత్తర కోస్తా జిల్లాల నుండి వేలాదిమంది కూలి కోసం అక్కడికి వెళ్ళి, రేవులలోను మిల్లులలోను పని చేసేవారు. 1942 మార్చి 8న జపాను సేనలు రంగూనును పట్టుకొన్నాయి. అంతకు ముందే, శత్రువు చేతికి చిక్కకూడదని, దాని సమీపంలోని సిరియం చమురు శుద్ధి కర్మాగారాన్ని యాజమాన్యమే ధ్వంసం చేసింది. భారతదేశానికి దగ్గరగా ఉండిన పెద్ద చమురు వనరు అలా పోయింది. అడవుల వెంట, కొండల వెంట కాలినడకన తిరిగివచ్చిన మన కూలీల కథ తెలుగు దేశానికి ఎరుకే. చమురు కథ అంతగా ఎరుక కాదు. అప్పటినుండి ఈ దేశపు మోటార్లూ, విమానాలూ, యుద్ధనౌకలూ ప్రధానంగా పారశీక సింధుశాఖ చమురు మీద ఆధారపడవలసి వచ్చింది. ఆ చమురును మోసే ట్యాంకరు నౌక ఒక్కటి మునిగినా ఎక్కడో ఒక కర్మాగారం ఆగేది.

ట్యాంకరు యుద్ధానికై పుట్టిన ఓడ కాదు. దాని కడుపంతా గదులు గదులుగా విభజించిన చమురు తొట్లు. ఇంజను వెనుక భాగాన ఉంటుంది. వేగం తక్కువ, దేహం పెద్దది, సరకు మండే సరకు. ఇటువంటి ఓడలను యుద్ధకాలంలో ప్రభుత్వాలు యజమానుల నుండి తమ అధీనంలోకి తీసికొనేవి. దీనినే రిక్విజిషన్ అంటారు. ఓడ యజమాని పేరు కాగితం మీద మారదు. అది ఎక్కడికి పోవాలో, ఏమి మోయాలో, ఎవరితో కలిసి పోవాలో మాత్రం ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఓడతోపాటు అందులోని మనుషులూ యుద్ధంలోకి పోతారు. వారికి సైనిక దుస్తులు ఉండవు, అపాయం మాత్రం సైనికులకు ఉన్నంత ఉంటుంది.

ఓండినా అటువంటి ఓడ. 1939లో ఆమ్‌స్టర్‌డాంలో నిర్మాణమైన ఈ నౌక షెల్ సంస్థల కుటుంబానికి చెందిన ఒక డచ్చి కంపెనీది. దాని పరిమాణం 6,341 టన్నులు. ఓడల లెక్కలో ఈ టన్ను తూకం కాదు, లోపలి ఖాళీకి కొలత. వేగం గంటకు సుమారు 12 నాటికల్ మైళ్ళు. 1940 మే 10న జర్మనీ హాలెండు మీద దండెత్తింది. కొద్ది రోజులలోనే దేశం ఆక్రమణకు లోనైనది, రాణీ, మంత్రులూ లండను చేరారు. నేల పోయిన ఆ ప్రభుత్వానికి మిగిలిన పెద్ద ఆస్తి సముద్రాల మీద తిరుగుతున్న వాణిజ్య నౌకలే. వాటినన్నిటినీ అది శాసనం ద్వారా తన అధీనంలోకి తీసికొని, లండనులో నెలకొల్పిన ఒక నౌకా సంఘానికి అప్పగించి, మిత్రరాజ్యాల అవసరాలకు నడిపింది. ఇల్లు శత్రువు చేతిలో ఉండగా డచ్చి నావికులు సముద్రం మీదనే ఉండిపోయారు. వారితోపాటు ఈ ట్యాంకర్లలో పెద్ద సంఖ్యలో చీనా కళాసీలు పని చేసేవారు. ఓండినాలోనూ అంతే.

హిందూ మహాసముద్రం ఆ ఏడాది ఎంత భయంకరమైనదో తెలుగు తీరం స్వయంగా చూసింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ వారంలో బంగాళాఖాతంలో సుమారు ఇరవై వాణిజ్య నౌకలు మునిగాయి. విశాఖలో జనం ఊరు వదిలి పల్లెలకు తరలిపోయారు. అంతకు ముందటి ఏడాదే, 1941 జూన్‌లో, వాల్‌చంద్ హీరాచంద్ అక్కడ నౌకా నిర్మాణశాలకు శంకుస్థాపన చేయించి ఉన్నాడు. అదే వాల్‌చంద్ 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ విమాన కర్మాగారాన్ని ఆరంభించినవాడు. విశాఖలో ఓడలు, బెంగళూరులో విమానాలు అని ఆయన కన్న కల రెండు చోట్లా యుద్ధం చేతికే మొదట చిక్కింది. బెంగళూరు కర్మాగారం నిర్వహణను 1943లో అమెరికా వాయుసేన తీసికొన్నది. రిక్విజిషన్ అనే మాట ఓడలకే పరిమితమైనది కాదని చెప్పడానికి ఈ నగరమే ఒక ఉదాహరణ.

శత్రుపక్షం కూడా ఇదే పని చేసింది. ఒసాకాకు చెందిన ఒక నౌకా కంపెనీ ఆఫ్రికా మార్గంలో ప్రయాణికులను చేరవేయడానికి కట్టించిన రెండు అందమైన ఓడలను జపాను నౌకాదళం 1941లో తీసికొని, ఫిరంగులూ, టార్పెడో గొట్టాలూ, నీటి మీద దిగే విమానాలూ అమర్చింది. ఒకదాని పేరు హోకోకు మారు, రెండవది ఐకోకు మారు. ఒక్కొక్కటి 10,000 టన్నులకు పైబడినవి. వాటి వేగం 21 నాటికల్ మైళ్ళ వరకు ఉండేది. ఐకోకు అనగా దేశభక్తి, హోకోకు అనగా దేశసేవ. వాణిజ్య నౌకలను వేటాడటమే వాటి పని. 1942 మే 9న అవి జెనోటా అనే చమురు నౌకను పట్టుకొన్నాయి. అదీ షెల్ కుటుంబానికి చెందిన డచ్చి ట్యాంకరే, ఓండినాకు ఒక విధంగా దాయాది. జపాను నౌకాదళం దానికి ఓసే అని పేరు మార్చి తన యుద్ధనౌకలకు చమురు పోయడానికి వాడుకొన్నది.

ఇక రక్షక నౌక సంగతి. అప్పటి రాయల్ ఇండియన్ నేవీ కోసం ఆస్ట్రేలియాలో నాలుగు చిన్న యుద్ధనౌకలు సిద్ధమయ్యాయి. వాటికి బెంగాల్, బొంబాయి, మద్రాసు, పంజాబు అని మన రాష్ట్రాల పేర్లు పెట్టారు. విశాఖలోని నౌకాదళ తీరస్థావరానికి ఉత్తర సర్కారుల పేరిట ‘సర్కార్స్’ అని పేరు పెట్టినదీ ఆ కాలంలోనే. సుమారు 650 టన్నుల బెంగాల్ నౌక 1942 ఆగస్టులో సిడ్నీలో సేవలో చేరింది. దాని నావికులలో అత్యధికులు భారతీయులు, నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ విలియం జోసెఫ్ విల్సన్. దానికి అమర్చవలసిన నాలుగు అంగుళాల ఫిరంగి దొరకనందున మూడు అంగుళాల చిన్న ఫిరంగిని పెట్టారు. దానికి ఇచ్చిన గుండ్లు నలభై మాత్రమే. కొత్త ఓడ, కొత్త నావికులు, తొలి దూరప్రయాణం.

1942 నవంబరు 5న ఓండినా, బెంగాల్ ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని ఫ్రీమాంటిల్ రేవు విడిచి డీగో గార్షియా దిశగా బయలుదేరాయి. ఓండినా అక్కడి నుండి చమురు కోసం అబదాన్ రేవుకు పోవలసి ఉన్నది. దాని తొట్లు ఖాళీ. వెనుక భాగాన ఒక నాలుగు అంగుళాల ఫిరంగి, దానికి 32 గుండ్లు. ఫిరంగి దగ్గర డచ్చి, బ్రిటిషు, ఆస్ట్రేలియా మనుషులు కలిసి పనిచేశారు. గురి చూసేవాడు బెర్ట్ హామండ్ అనే ఆస్ట్రేలియా నావికుడు. ఓడ కెప్టెన్ విల్లెం హోర్స్‌మన్.

నవంబరు 11. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుగా ఐరోపా స్మరించుకొనే తేదీ. కోకస్ ద్వీపాలకు నైరుతి దిశగా, ఏ భూమీ కనబడని నడిసముద్రంలో, మధ్యాహ్నానికి కొంచెం ముందు ఎదుట ఒక పెద్ద ఓడ కనిపించింది. కాసేపటికి దాని వెనుక మరొకటి. అవి హోకోకు మారు, ఐకోకు మారు.

విల్సన్ ముందున్న లెక్క సులభమైనది. తన ఓడ కన్న శత్రువు ఓడలు ఒక్కొక్కటి ఎన్నో రెట్లు పెద్దవి, వేగంలోనూ మిన్న. పారిపోతే రెండు ఓడలూ పోతాయి. తాను అడ్డుపడితే ట్యాంకరైనా తప్పించుకోవచ్చు. చమురు నౌకను తిరిగిపొమ్మని, తరువాత కలిసికోవలసిన చోటు చెప్పి, బెంగాల్‌ను నేరుగా శత్రువు మీదికి నడిపించాడు. హోకోకు మారు ఫిరంగులు ముందుగా ఈ చిన్న ఓడ మీదికే తిరిగాయి. హోర్స్‌మన్ మాత్రం తోక చూపి పరుగెత్తలేదు. వేగం లేని తన ఓడకు పరుగు వలన లాభం లేదని తెలిసినవాడు గనుక, దూరం పెంచుకొంటూనే ఫిరంగి పేల్చమని ఆజ్ఞాపించాడు.

మొదటి గుండ్లు గురి తప్పాయి. తరువాత ఒకటి హోకోకు మారు పైకట్టడానికి తగిలింది. అటుపై తగిలిన ఒక దెబ్బ దాని వెనుక భాగంలో టార్పెడోలు ఉన్న చోట పడింది. పెద్ద పేలుడు సంభవించింది. విమానాల కోసం నిలువ ఉంచిన పెట్రోలు అంటుకొన్నది. కొంతసేపటికే ఆ పదివేల టన్నుల ఓడ మంటలతో వెనుక వైపుగా కుంగి మునిగిపోయింది. దానితోపాటు కెప్టెన్ ఇమాజాతో, డెబ్బైకి పైగా మనుషులు పోయారు. వేటకు వచ్చినది వేటకు గురైనది.

అప్పటికి బెంగాల్ గుండ్లు దాదాపు అయిపోయాయి. ఓడకు దెబ్బలు తగిలాయి కాని, ఆశ్చర్యకరంగా ఒక్క నావికుడూ చనిపోలేదు. ట్యాంకరు తప్పించుకొని ఉంటుందన్న భావనతో విల్సన్ పొగతెర వేసి పక్కకు తొలగాడు. ఐకోకు మారు కొంతసేపు అతనిని తరిమి, తరువాత ఓండినా మీదికి తిరిగింది.

ఓండినా తన చివరి గుండు వరకు కాల్చింది. ఇక చేయగలిగినది లేనందున హోర్స్‌మన్ ఇంజను ఆపించి, తెల్లజెండా ఎత్తించి, ఓడ విడిచి పడవలలోకి దిగమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తరువాత కూడా గుండ్లు పడుతూనే ఉన్నాయి. వాటిలో ఒకదాని తునక తగిలి ఆయన బ్రిడ్జి మీదనే కన్నుమూశాడు. ఐకోకు మారు దగ్గరకు వచ్చి రెండు టార్పెడోలు వదిలింది. రెండూ ఓండినా కుడి పక్కను చీల్చాయి. పడవలలోకి చేరిన నిరాయుధుల మీద మరతుపాకులతో కాల్పులు జరిగాయి. చీఫ్ ఇంజనీరు, కొందరు చీనా కళాసీలు ఆ కాల్పులలో మరణించారు. తెల్లజెండా చూసిన తరువాత జరిగిన ఈ పనికి యుద్ధనీతిలో ఎక్కడా సమర్థన లేదు. మునిగిన తన జోడీ ఓడ మనుషులను నీటి నుండి ఏరుకొని, చివరిగా మరొక టార్పెడో వేసి, అది తగలకపోయినా ఎలాగూ ఓండినా మునుగుతుందని తలచి ఐకోకు మారు వెళ్ళిపోయింది.

ఓండినా మునగలేదు. ఇక్కడ ట్యాంకరు నిర్మాణమే దానిని కాచింది. తొట్లు గదులు గదులుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటాయి. టార్పెడోలు చీల్చినవి నిండినా తక్కినవి ఖాళీగా, గాలితో నిండి, ఓడను నీటి మీద నిలిపి ఉంచాయి. నిజానికి ఖాళీ తొట్టిలో మిగిలే చమురు ఆవిరి పేలుడుకు మరీ అనువైనది. ఆ రోజు అది అంటుకోలేదు. ఓడ మాత్రం ప్రమాదకరంగా ఒరిగిపోయింది, ఒక చోట మంట లేచింది.

పడవలలో ఉన్నవారి ముందు రెండు దారులు. భూమి ఎన్నో వందల మైళ్ళ దూరాన ఉన్నది. ఎదుట ఉన్నది మండుతూ ఒరిగిన ఓడ, శత్రువు తిరిగి రాడన్న నమ్మకం లేదు. మొదటి ఆఫీసరు రేవింకెల్ నాయకత్వంలో వారు తిరిగి ఓడ ఎక్కారు. మంటలు ఆర్పి, ఎదుటి పక్క తొట్లలోకి నీరు వదిలి ఒరుగుదలను సరిచేశారు. ఇంజను గదికి పెద్ద దెబ్బ తగలలేదని తేలింది. ఆ రాత్రి ఓండినా తిరిగి ఫ్రీమాంటిల్ దిశగా కదిలింది. ఫిరంగి పేల్చడం కన్న, మునగబోతున్న ఆ ఓడ నిచ్చెనను మళ్ళీ పట్టుకొన్న క్షణమే ఎక్కువ ధైర్యం కోరి ఉంటుంది.

తరువాతి వారం విచిత్రమైనది. గాయపడినవారు బాధపడుతున్నారు, ఓడలో వైద్యుడు లేడు. రహస్య సంకేత పుస్తకాలు శత్రువు చేతికి చిక్కకూడదని ముందే సముద్రంలో పారవేశారు. గత్యంతరం లేక మామూలు భాషలోనే వైర్‌లెస్ ద్వారా సహాయం కోరారు. తీరాన ఉన్న అధికారులకు అది శత్రువు పన్నిన ఉచ్చుగా తోచింది, ఎందుకంటే వారి లెక్కలో ఓండినా అప్పటికే పోయిన ఓడ. చివరకు ఫ్రీమాంటిల్‌కు సమీపిస్తుండగా ఒక కాటలీనా విమానం దానిని చూసింది. నీటి మీద దిగగల ఈ కాటలీనా విమానాలు తరువాత బెంగళూరు కర్మాగారానికి మరమ్మతుకు వచ్చి బెళ్ళందూరు చెరువులో దిగేవి. సముద్రం లేని ఊరి చెరువు ఆ విధంగా కొంతకాలం సముద్రపు పని చేసింది. వాంగనెల్లా అనే ఆసుపత్రి నౌక ఓండినాను కలిసి గాయపడినవారికి చికిత్స చేసింది. నవంబరు 18న ఓండినా రేవు చేరింది.

బెంగాల్ అప్పటికి డీగో గార్షియా దిశగా పోయి క్షేమంగా గమ్యం చేరింది. అక్కడి నుండి రెండు వివాదాలు పుట్టాయి, అవి ఈనాటికీ పూర్తిగా చల్లారలేదు.

మొదటిది, హోకోకు మారును ముంచిన గుండు ఎవరిదన్నది. యుద్ధకాలపు ప్రకటనలు, తరువాతి భారతీయ రచనలు ఆ ఘనతను బెంగాల్‌కు ఇచ్చాయి. డచ్చి రచనలు ఓండినాకే ఇచ్చాయి. రెండు ఫిరంగులూ అదే నిమిషాలలో అదే లక్ష్యం మీద పేలాయి గనుక ప్రత్యక్షసాక్షులు ఎవరికి వారు తమ గుండే తగిలినట్లు చూశారు. నాలుగు అంగుళాల ఫిరంగి బలం, అది నిలిచి ఉన్న తీరు తూచి చూస్తే ఓండినా పక్షమే బలమైనదని ఒప్పుకోవలసి ఉంటుంది. అయితే మొదటి నిమిషాలలో శత్రువు ఫిరంగులు ట్యాంకరు మీద కాక బెంగాల్ మీద పడ్డాయి. ఆ నిమిషాలు లేకపోతే హామండ్‌కు నిదానంగా గురి సరిచూసుకొనే అవకాశం ఉండేది కాదు. గుండు ఎవరిదని అడిగే ప్రశ్నకు ఒక జవాబు ఉండవచ్చు, విజయం ఎవరిదన్న ప్రశ్నకు ఆ జవాబు చాలదు.

రెండవది మరింత నొప్పించేది. తమను ఒంటరిగా విడిచి రక్షక నౌక వెళ్ళిపోయిందని ఓండినా నావికులలో కొందరు బాధపడ్డారు. పడవలలో పడి తుపాకి దెబ్బలు తిన్నవారి మాటను తేలికగా తీసివేయరాదు. అటు విల్సన్ దగ్గర గుండ్లు దాదాపు లేవు. అతని ఓడ తిరిగి వచ్చి ఉంటే శత్రువుకు మరొక లక్ష్యం దొరికేదే తప్ప ట్యాంకరుకు ఒరిగేది అంతగా ఉండేది కాదు. పొగతెరకు అవతల ఏమి జరుగుతున్నదో అతనికి కనిపించనూ లేదు. అతని మొదటి నిర్ణయాన్ని మెచ్చుకొని రెండవదానిని నిందించడం కుర్చీలో కూర్చున్నవారికి సులభం. ఒకే మనిషి ఒకే గంటలో రెండూ చేశాడు, రెండింటి వెనుక ఉన్నదీ నలభై గుండ్ల లెక్కే. ఆ లెక్క వేసి ఓడను పంపినవారి పేరు ఈ వివాదంలో అంతగా వినబడదు.

గౌరవాలు వచ్చాయి. విల్సన్‌కు డి.ఎస్.ఓ. పతకం లభించింది, భారతీయ నావికులలో కొందరికీ పతకాలు దక్కాయి. హోర్స్‌మన్‌కు మరణానంతరం డచ్చి దేశపు అత్యున్నత సైనిక గౌరవం ఇచ్చారు. చీనా కళాసీల పేర్లు ఈ కథ చెప్పే పుస్తకాలలో అరుదు, బెంగాల్ ఫిరంగి దగ్గర నిలిచిన భారతీయ యువకుల పేర్లు వాటికన్న కొంచెం ఎక్కువ, అంతే. మూడేళ్ళ తరువాత, 1946 ఫిబ్రవరిలో, అదే రాయల్ ఇండియన్ నేవీ నావికులు బొంబాయిలో సమ్మెకు దిగినపుడు వారి ఫిర్యాదులు తిండి, జీతం, గోరా అధికారుల తిట్లు. యుద్ధంలో వారు ఏమి చేశారో తెలిసినవారికి ఆ కోపం వింతగా తోచదు.

ఓండినా సేవ ఆ రేవుతో ముగియలేదు. పక్కలో అంత పెద్ద చీలిక ఉన్న ఓడకు ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలో పూర్తి మరమ్మతు సాధ్యం కాలేదు. అలాగని దానిని మూలన పెట్టనూ లేదు. ఆ తీరానికి వాయవ్య కొసన ఉన్న ఎక్స్‌మౌత్ సింధుశాఖలో జలాంతర్గాములకు చమురు పోసే తేలే డిపోగా దానిని వాడుకొన్నారు. తుఫానులు, ఎండ, ఈగలు తప్ప మరేమీ లేని ఆ చోట లంగరు వేసి ఉండటం పత్రికలకు ఎక్కే పని కాదు. ఎవరో వచ్చి చమురు తీసికొని పోతారు, మళ్ళీ నిశ్శబ్దం. అయినా ట్యాంకరు పుట్టినది ఆ పనికే; నవంబరు 11 నాటి ఆ కొద్ది గంటలే దాని జీవితంలో వింత. తరువాత అమెరికాలోని టాంపాకు పోయి పూర్తి మరమ్మతు చేయించుకొని, తిరిగి చమురు మోసింది. యుద్ధం ముగిశాక యజమానుల చేతికి వచ్చి మామూలు వాణిజ్య నౌకగా మరికొన్ని ఏండ్లు తిరిగింది.

ఐకోకు మారును 1944 ఫిబ్రవరి 17న ట్రక్ దీవుల వద్ద అమెరికా విమానాలు పేల్చివేశాయి. పేరు మారిన దాయాది జెనోటా, ఓసేగా జపాను నౌకాదళానికి చమురు పోస్తూ, 1944 మార్చి 30న పలావు వద్ద మిత్రరాజ్యాల బాంబులకే మునిగింది. బెంగాల్ స్వతంత్ర భారత నౌకాదళంలో చేరి, కొత్త పతాకం కింద 1960 వరకు పనిచేసి విచ్ఛేదనకు పోయింది. ఓండినాను అంతకు ఒక ఏడాది ముందు, 1959లో, హాంకాంగ్‌లో పాత ఇనుముగా విడగొట్టారు.